మూడో గేరులో ఒప్పుకోలు

గేర్‌బాక్సుల మేస్త్రిగారికి, కుర్చీలాయన రాసుకునేది.

ఫిర్యాదు ఏదైనా కాగితం మీద రాస్తేనే వింటానని మీ గోడకు బోర్డు తగిలించారు కాబట్టి రాస్తున్నాను. ఫంక్షన్లకు కుర్చీలు అద్దెకిస్తాను. నాది ఏడు సీట్ల పెద్ద బండి, ఆటోమేటిక్. కుర్చీల ట్రాలీ తగిలించి ఎత్తు ఎక్కుతుంటే ఇంజను వీధంతా వినబడేలా అరుస్తుంది, బండి మాత్రం వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తుంది. గేరు ఎప్పుడు మారిందో దానికే తెలియదు. ఠక్కున పడేలా చేసిపెట్టండి. రేపు బండి వదిలి వెళ్తాను.

ఇట్లు,
కుర్చీలాయన

తా.క.: మేముండేది మా అత్తగారింట్లో. పెరట్లో ఆవిడకో షెడ్డుంది, పాత సామాను తప్ప ఏమీ లేదు. నా కుర్చీలేమో వానకు నానుతున్నాయి. షెడ్డు ఇవ్వమంటే ఆవిడ ససేమిరా అంటారు. పదకొండేళ్లలో నా మాటకు ఒక్కసారి తల ఊపలేదు. ఇది గేరుకు సంబంధించింది కాదు, మనసు ఆగక రాశాను.

*

కుర్చీలాయనకు మేస్త్రి నమస్కారం.

బండి విప్పాను. ఆయిల్ మాడి కాటుకలా ఉంది. గేరు మెత్తగా మారుతోందంటే లోపల ప్లేట్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోకుండా రాసుకుంటున్నాయన్నమాట. గేర్లకు ఆయిల్ పంపే వాల్వ్ బాడీలో స్ప్రింగులు మార్చాను, ఆయిల్ ప్రెషర్ పెంచాను, అది చల్లబడేందుకు ముందువైపు కూలరొకటి బిగించాను. ఇక గేరు పడితే మీ వీపుకే తెలుస్తుంది. పనికి ఆరు నెలలు గ్యారంటీ.

ఉంటాను,
మేస్త్రి

తా.క.: మీ తాజా కలం చదవలేదు. ఎవరివీ చదవను. అందరూ పని సంగతి పైన రాస్తారు, ఇంటి సంగతి కింద రాస్తారు. నాకు పైది చాలు.

*

మేస్త్రిగారికి కుర్చీలాయన కృతజ్ఞతలు.

గేరు అద్భుతం. ట్రాలీతో కూడా ఎత్తు ఇట్టే ఎక్కేసింది. అయితే ఒక్క విషయం. వెనక సీటు దగ్గర పదకొండేళ్లుగా కదలనిది గురువారం కదిలింది. కానీ గేరు పడినప్పుడు సగం కదిలి ఆగిపోతోంది. ఇంకాస్త గట్టిగా పడితే పూర్తిగా కదులుతుందని నా నమ్మకం. మళ్లీ బండి వదిలి వెళ్తాను, దయచేసి చూడండి.

ఇట్లు,
మీ కుర్చీలాయన

తా.క.: మీరు చదవరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. కదిలింది మా అత్తగారి తల. గురువారం గురువారం మోకాళ్ల వైద్యానికి తీసుకెళ్తాను. షెడ్డు సంగతి ఎత్తానో లేదో గేరు పడింది, ఆవిడ తల ఊగింది. అవునన్నట్టే ఉంది గానీ, సగం ఊపును మా ఆవిడ లెక్కలోకి తీసుకోవడం లేదు.

*

కుర్చీలాయనకు,

ప్రెషర్ ఇంకాస్త పెంచాను. ఇంతకంటే పెంచను. ఇక మీ వెనక సీటు గురించి. పదకొండేళ్లు కదలనిది కదులుతోందంటే వదులైందన్నమాట. వయసైన సరుకు అంతే. బయటికి తీసి, తుప్పు గీకి, గ్రీజు పూసి బిగించాలి. అందాకా తాడుతో సీటుకు కట్టేయండి.

మేస్త్రి

తా.క.: తాడు నైలానుదైతే మంచిది.

*

మేస్త్రిగారూ,

మీ ఉత్తరం మా ఆవిడ కంటబడింది. తుప్పు గీకమన్న దగ్గర ఒకసారి, నైలాను తాడు దగ్గర ఒకసారి నా మొహంలోకి చూసి, రెండు రోజులు మాట్లాడడం మానేసింది. వెనక సీటులో ఉన్నది సరుకు కాదండీ, మా అత్తగారు!

అయినా మీ చేతి చలవ. మూడో గేరు పడే సమయం చూసి, షెడ్డు నాకిస్తారు కదా అని అడిగాను. తల గడ్డానికి తగిలేలా ఊపారు. మా ఆవిడే సాక్షి. వచ్చే నెల మొదటి ఆదివారం కుర్చీలు షెడ్డులోకి చేర్చేస్తాను.

ఇట్లు,
గెలిచిన కుర్చీలాయన

తా.క.: తల ఊపాక ఆవిడ ఏదో అనబోయారు. నేను హారన్ కొట్టాను.

*

కుర్చీలాయనకు,

పెద్దావిడని తెలియక రాశాను, నా తరఫున ఆవిడకు క్షమాపణ చెప్పండి. ఒక హెచ్చరిక. జర్కు బండి మొత్తానికి ఒకటే, వెనక సీటుకని విడిగా ఉండదు. నడిపేవాడి మెడకూ అంతే తగులుతుంది. జాగ్రత్త.

మేస్త్రి

*

మేస్త్రిబాబుకు వెనక సీటు పెద్దావిడ ఆశీస్సులు.

మా ఉత్తరాల డబ్బా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. అల్లుడు రాసినవి పోస్టు చేసేదీ నేనే. అన్నీ చదివాను, కింద రాసినవి కూడా. తుప్పు సంగతి మరిచిపోయాను, మీరూ మరిచిపోండి.

ఆ షెడ్డులో ఉన్నది పాత సామాను కాదు. పోయిన మా ఆయన టైలరు. ఆయన మిషన్లు మూడు అందులోనే ఉన్నాయి. వాటిమీద ప్లాస్టిక్ కుర్చీలు పేరుస్తారంటే నాకు ఏడుపొచ్చింది. ఎందుకు కాదంటున్నానో అల్లుడు ఎన్నడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జర్కు అందరికీ ఒకటేనని మీరు రాసిన ముక్క గుర్తుపెట్టుకుని, మొన్న గురువారం బండెక్కాను. రెండో గేరు పడేటప్పుడు, మిషన్లు ఉన్నచోటే ఉంటాయి కదా నాయనా అన్నాను. అల్లుడి తల ఊగింది. మూడో గేరుకి, నీ కుర్చీల కవర్లన్నీ ఇకమీదట ఆ మిషన్ల మీద నేనే కుడతాను అన్నాను. ఊగింది. నాలుగో గేరుకి, వచ్చే వారం నుంచి ముందు సీటు నాది అన్నాను. ఊగింది. మా అమ్మాయే సాక్షి, దాని తలా ఊగింది.

ఇంటికొచ్చి అల్లుడు షెడ్డు తలుపు తీసి, ఆ మిషన్ల మీద దుమ్ము దులిపాడు. తరవాత తనే వాటికి నూనె పెట్టాడు. మంచివాడే, అడగడం ఒక్కటే చేతకాదు. షెడ్డు పక్కన కుర్చీలకు రేకుల వసారా దింపుకోనా అని మెల్లిగా అడిగాడు. అప్పుడు బండి ఆగి ఉంది. నా అంతట నేనే తల ఊపాను.

గేరు అలాగే ఉండనివ్వండి. ఆయిల్ చూపించడానికి సోమవారం వస్తాం. మీరే నడుపుతూ, నన్ను ముందు సీటులో కూర్చోబెట్టుకుని ఒక్క చుట్టు తిప్పండి.

ఇట్లు,
ముందు సీటు పెద్దావిడ

తా.క.: మీరు వీటిని చదవరు కాబట్టి రాస్తున్నాను. గ్యారంటీ ఆరు నెలలు కాదు, ఆరేళ్లు కదా బాబూ అని మూడో గేరులో అడుగుతాను.