కామెరాన్ కొండ ఇంటి బేరం

మాదాపూర్,
9 మార్చి 1999.

సౌభాగ్యవతి అమ్మణ్ణికి ఆశీస్సులు.

నేను కులాసాగానే ఉన్నాను. మలేసియాలో ఆ కామెరాన్ కొండ చలిలో నువ్వు కూడా ఆరోగ్యంగా ఉంటే నాకు అంతకంటే కావలసింది లేదు. నీ ఉత్తరం శనివారం అందింది. ఇప్పటికి మూడుసార్లు చదివాను. వెళ్ళి ఏడు వారాలైనా నువ్వు ఒక్క విసుగు మాట రాయలేదు. కప్పు కారుతుంటే మంచం చుట్టూ గిన్నెలు పెట్టుకుని పడుకున్న సంగతి కూడా నవ్వులాటగానే రాశావు. రోజూ నీకు అన్నం పంపిస్తున్న శారదమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. కొండ కింద ఇపో పట్నంలో నేను ఉద్యోగం చేసిన ఇరవై రెండేళ్ళలో మనం వాళ్ళింటికి వెళ్ళింది మహా అయితే ఐదుసార్లు. అయినా ఆవిడ నిన్ను సొంత అక్కలా చూసుకుంటోంది. ఆ రుణం ఎలా తీరుతుందో తెలియదు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. బి.పి. మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నాను. డాక్టరు గుండె పరీక్ష చేసి, విమాన ప్రయాణం మాత్రం ఇంకా వద్దన్నాడు. వంట మనిషి పోచమ్మ ఉప్పు తగ్గించింది, నువ్వు చెప్పి వెళ్ళావట.

ఇక కాగితాల సంగతి. అక్కడి మన ఇంటి దస్తావేజులో నా పేరు ‘కామేశ్ రావు’ అని, పాస్‌పోర్టులో ‘కామేశ్వరరావు’ అని ఉందనీ, ఇద్దరూ ఒకరేనని రుజువు చూపిస్తే తప్ప అమ్మకం సాగదనీ మీ లాయరు చెప్పాడని రాశావు కదా. డెబ్బయ్యో ఏట నేను నేనేనని నిరూపించుకోవలసి వచ్చింది. మన పైవాటాలో ఉంటున్న రత్నమాల, అదే, కొత్త సైబర్ టవర్స్‌లో ఉద్యోగం చేసే కడప అమ్మాయి, తన ఆఫీసులో అఫిడవిట్ టైపు చేసి తెచ్చింది. నోటరీ దగ్గరికి ఆటో రాజయ్య తీసుకెళ్ళాడు. నన్ను ఎరిగిన సాక్షి కావాలని నోటరీ అడిగితే బయట ఉన్న రాజయ్యనే పిలిచాను.

“ఈయన నీకు ఎన్నాళ్ళుగా తెలుసయ్యా?” అన్నాడు నోటరీ.

“నాలుగేండ్ల సంది ఎరుక సార్. గా కాయిదంల ఎన్ని పేర్లన్న ఉండనియ్, సారు మాత్రం ఒక్కడే,” అన్నాడు రాజయ్య.

నోటరీ నవ్వాడు. రాజయ్య చొక్కా సర్దుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తెలుగులో సంతకం పెట్టాడు. ఎంత బతిమాలినా ఆ రోజు కిరాయి తీసుకోలేదు.

ఆ పైన మద్రాసులో మలేసియా కాన్సులేట్ ముద్ర పడాలి. నేను రైలు టిక్కెట్టు గురించి వాకబు చేస్తుంటే రత్నమాల విన్నది. “ఆఫీసు పని మీద యెట్లాగూ నేను మద్రాసుకు పోతాండా గదా అంకుల్. ఆ కాగితాలు నాకిచ్చేయండి,” అంది. అక్కడ రెండు పూటలు వరసలో నిలబడి ముద్ర వేయించుకొచ్చింది. ఇంటికి వచ్చి కవరు నా చేతిలో పెట్టేటప్పుడు, ఆంటీ ఎప్పుడు వస్తారని తప్ప మరో మాట అడగలేదు. మనవాళ్ళంటూ ఎవరూ లేని ఈ ఊళ్ళో మనకు ఇంతమంది ఉన్నారని నువ్వు వెళ్ళాకే తెలిసింది.

బడిపంతుళ్ళుగా చేసి రిటైరైన చైనా దంపతులు బేరం అడిగారనీ, వాళ్ళు చెప్పిన ధర మనం ఒకప్పుడు అనుకున్నదాంట్లో సగం కూడా లేదనీ, ఒప్పుకోమంటారా అనీ అడిగావు. దానికి ముందు నువ్వు వేసిన ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పాలి. ‘అప్పట్లో వెనక్కి తగ్గిన ఆ హోటలాయన మళ్ళీ ఏమైనా రాశాడా? ఇప్పుడు వస్తే చేతులెత్తి దణ్ణం పెడతాను’ అని రాశావు.

అమ్మణ్ణీ, ఆయన వెనక్కి తగ్గలేదు. నేనే వద్దన్నాను.

తొంభై ఆరులో మీ చెల్లెలికి బాగాలేదని నువ్వు కాకినాడలో ఉన్నావు. ఇపో నుంచి ఏజెంటు ఫోన్ చేసి, హోటలాయన మనం అడిగిన ధర ఇస్తానంటున్నాడు, నాలుగు రోజుల్లో మాట చెప్పమన్నాడు. రెండో రోజే కుదరదని చెప్పేశాను. ఇల్లంటే ప్రేమతో అనుకుంటావేమో, కాదు. ఇక్కడ పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ళలో ఒకాయన కలెక్టరుగా చేశాడు, ఇంకొకాయనకు నార్సింగిలో పదెకరాలుంది. కొత్తవాళ్ళకు నన్ను పరిచయం చేసేటప్పుడు వాళ్ళు “వీరికి మలేసియాలో కొండ మీద ఇల్లుందండీ” అనేవారు. ఆ ఒక్క మాట పోతుందని భయపడ్డాను.

నువ్వు తిరిగి వచ్చాక బేరం తప్పిపోయిందని అబద్ధం చెప్పాను. నువ్వు నమ్మావు. పైగా నేను దిగులుపడుతున్నాననుకుని, “పోనివ్వండి, ఇంకొకరు రాకపోతారా” అని నన్ను ఓదార్చావు. ఆ ఓదార్పు అప్పటినుంచీ నన్ను పొడుస్తూనే ఉంది. మరుసటి ఏడే అక్కడి డబ్బు రింగిట్ విలువ పడిపోయింది. కొనేవాళ్ళు లేరు. ఇంటిని కనిపెట్టుకుని ఉన్న తోటమాలి పోయాడు. చివరికి నా గుండె మొరాయించి, అరవై నాలుగేళ్ళ నువ్వు ఒంటరిగా ఆ కొండ రోడ్ల మీద ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నావు. నా గొప్పకు నువ్వు నడుస్తున్నావు.

నిన్న పొద్దున పార్కులో ఆ పెద్దమనుషులకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. కలెక్టరుగారు, “ఈ సంగతి ఆవిడకు రాశారా?” అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

దీనితో పాటు ఆ అఫిడవిట్‌నూ, దానితోనే ముద్ర వేయించిన కొత్త పవరాఫ్ అటార్నీనీ పంపిస్తున్నాను. నన్ను అడగకుండా ధర తేల్చవద్దని మొదట్లో నీకు షరతు పెట్టాను. ఇందులో ఆ మాట లేదు. ధర, కొనేవారు, రోజు, అన్నీ నీ ఇష్టం. ఆ పంతుళ్ళ దంపతులకు ఇస్తావో, ఇవ్వవో నువ్వే చూడు. నువ్వు ఎంతకు ఇచ్చినా అది నాకు మంచి ధరే.

ఇది చదివాక నాకు ఉత్తరం రాయాలనిపించకపోతే రాయవద్దు. విమానం ఏ రోజో రత్నమాల ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పు, చాలు. బేగంపేటలో గేటు దగ్గర నిలబడి ఉంటాను. నాతో మాట్లాడకపోయినా సరే, నీ పెట్టె మాత్రం నన్ను మోయనివ్వు.

ఇట్లు,
నీ భర్త
కామేశ్వరరావు