ముత్తక్క ఇప్పచెట్టున్న నాలుగెకరాలు

2025 జూన్ 9వ తేదీన, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, ములకలపల్లి మండలం, తూర్పుగుంపు వాస్తవ్యుడు సోడె దూలయ్య, తండ్రి కీ.శే. లచ్చయ్య, కోయ, వయస్సు 71, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. నా మోకాళ్లు పనిచేయడం లేదు. బుర్ర బాగానే ఉంది.

1. రెండెకరాల పోడుకు అటవీ హక్కుల పట్టా ఉంది. అది అమ్మడానికి వీల్లేనిది, నా కొడుకు బాలకృష్ణకు వస్తుంది. కోళ్లు కోడలు శ్రావణివి. మేపింది ఆమే.

2. రోడ్డు పక్కన నాలుగెకరాల మామిడితోట పాసుపుస్తకంలో నా పేరున ఉంది. అది నేను కొన్నది కాదు. ఇరవై ఆరేళ్ల కిందట నా స్నేహితుడు కుంజా భీమయ్య జబ్బుపడి అమ్ముకుంటే, ఎరువుల దుకాణం పురుషోత్తం గారు కొన్నారు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు కనుక కాగితం నా పేరున చేయించారు. నాకు సంతకం నేర్పించింది ఆ రిజిస్ట్రేషన్ కోసమే. ఒక సైకిలు కూడా ఇచ్చారు. నా ఫొటో ఉన్న పాసుపుస్తకం మాత్రం ఆయన బీరువాలోనే ఉంది.

3. మొన్న ఆయనే వచ్చి, "రోడ్డు పెద్దగైతంది దూలయ్యా, ప్లాట్లు చేద్దం. నీకేమన్న అయితే కష్టం. మా డ్రైవరు నాగేష్ పేర వీలునామా రాయి" అన్నారు. నాగేష్ కూడా కోయపిల్లవాడే. వీలునామా అనేది ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. నా కొడుకేమో "పేరు మనదే గదా నాయినా, మనమే ఉంచుకుందం" అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు నేనూ ఊగాను. అందుకు సిగ్గుపడుతున్నాను.

4. భీమయ్య చనిపోయాడు. అతని భార్య ముత్తక్క ఏటా ఎండాకాలం, తోట గట్టు మీది ఇప్పచెట్టు కింద పూలు ఏరే ముందు నా గుమ్మానికి వచ్చి, "పువ్వేరుకుంట అన్నా" అని అడుగుతుంది. ఆ చెట్టు ఆమె అత్తగారి నాటిది. కాగితంలో నా పేరుందని అడుగుతుంది. నేను ఏరుకొమ్మనేవాణ్ని. అలా అన్న ప్రతిసారీ నాకు ఆ పూట అన్నం సహించేది కాదు. కనుక నాలుగెకరాలూ, మామిడిచెట్లతో సహా, కుంజా ముత్తక్కకు రాసి ఇస్తున్నాను.

5. పురుషోత్తం గారు కోర్టుకు వెళ్లవచ్చు. వెళ్తే ఆ భూమి తానే కొన్నానని జడ్జిగారి ముందు చెప్పుకోవాలి. ఆయన సైకిలు ఆయనకు ఇచ్చేయండి. గాలి కొట్టించి ఇవ్వండి.

6. దీన్ని అమలు చేయవలసింది మా బడి పంతులమ్మ సరళ గారు. నేను పోయాక మొదట ముత్తక్కకు చెప్పాలి. ఆ తర్వాత ఆమె పూల కోసం ఎవరి గుమ్మమూ ఎక్కకూడదు.

ఆనాడు నేర్చిన సంతకమే ఈనాడూ పెడుతున్నాను.

(సం.) సోడె దూలయ్య

దస్తూరి: సరళ, ఉపాధ్యాయురాలు

సాక్షులు:
1. బానోత్ రూప్‌సింగ్, రిటైర్డ్ పోస్ట్‌మన్
2. పద్దం నాగేష్, డ్రైవరు