బొగ్గుల మీద రాయి

మెదకు జిల్లా, సిద్దిపేట తాలూకా, చిన్నకోడూరు కాపురస్తుడనూ, బత్తుల పోచయ్య కుమారుడనూ, మాజీ సిపాయినీ అయిన నర్సయ్య అనే నేను, ఒంట్లో ఎడమ కాలు తప్ప మిగిలినవన్నీ సరిగ్గా పనిచేస్తుండగా, నా బుద్ధిని ఎవరి దగ్గరా కుదువ పెట్టకుండా, ఒకరి బెదిరింపుకూ బుజ్జగింపుకూ లొంగకుండా వ్రాయించుకున్న వీలునామా. ఈ మధ్య మా ఇంట్లో బుజ్జగింపులు ఎక్కువైనవి. వాటిని నేను గమనిస్తూనే ఉన్నాను.

వ్రాస్తున్నది బడిపంతులు రాంచందర్. నా తర్వాత దీన్ని అమలు జరిపించవలసినదీ ఆయనే. వ్రాసిన ప్రతి కాగితాన్ని, పంతులును వాకిట్లోకి పంపి, వేరే మనిషి చేత చదివించుకొని వింటున్నాను. పంతులు నొచ్చుకున్నాడు. మంచివాడైతే రేపటికి మరిచిపోతాడు. కాకపోతే నేను చేసిందే సరి.

1. నాకు సంతకం వచ్చు. నా పేరున వేలిముద్రతో ఏ కాగితం కనబడినా అది దొంగది. చచ్చినవాడి వేలు పట్టుకొని ముద్ర వేయించుకున్నవాళ్ళు మన తాలూకాలోనే ఉన్నారు. పేర్లు వ్రాయవద్దని పంతులు బతిమాలాడు గనుక వ్రాయడం లేదు.

2. ఈ ఆస్తి నాకు తాతల నాటిది కాదు. మొన్న ముగిసినదానికి ముందటి పెద్ద యుద్ధంలో నేనూ, మా ఊరి ఇశ్రాయేలూ కంచరగాడిదల దళంలో చేరి సముద్రం అవతల బస్రా రేవు దాటి పోయాము. అక్కడే నా కాలు చెడింది. తిరిగి వచ్చాక మా ఇద్దరికీ ఊరి బయట బంజరు పట్టా అయింది. దక్షిణం ముక్క నాది, ఉత్తరం ముక్క అతనిది. అందులో తుమ్మచెట్లూ రాళ్ళూ తప్ప ఏమీ లేవు. ఊరంతా నవ్వింది. మేము గుడిసెలు వేసుకొని తుమ్మలు కొట్టాము. నా భార్య సాయవ్వ, అతని భార్య బాలవ్వ నెత్తిన రాళ్ళు మోసి గట్లు పెట్టారు. ఊళ్ళో వాళ్ళ వాడ వేరు, మా వాడ వేరు. బంజరులో మాత్రం ఒకే పొయ్యి మీద జొన్న గటుక వండుకున్నాము. ఆ రోజులే నాకు బాగున్న రోజులు.

మా వైపు హద్దురాయి పాతేటప్పుడు గుంతలో ఏదో ఒకటి పోస్తారు. రాయిని జరిపే దొంగకు కింద ఉన్నది జరపాలని తోచదు. కొందరు ఊక పోస్తారు, కొందరు కొలిమిలో మిగిలిన ఇనుప చిట్టెం పోస్తారు. ఏం పోశారో హద్దుదారులిద్దరికే తెలియాలి. మేము బొగ్గులు పోశాము, ఎందుకంటే మట్టి దేన్నైనా తింటుంది గానీ బొగ్గును తినలేదు. భార్యలకు కూడా చెప్పవద్దని ఒట్టు పెట్టుకొని, బెల్లం ముక్క చెరి సగం తిన్నాము.

3. సాయవ్వ వెండి కడియాలు పెద్ద కోడలికి. ఈ కోడలు ఈ మధ్య నాకు పాలలో చక్కెర కలిపి తెస్తున్నది. ఇన్నేళ్ళు లేని చక్కెర ఇప్పుడెందుకని ఆ పాలు పిల్లికి పోశాను. పిల్లి బాగానే ఉంది గనుక కడియాలు ఆమెకే.

4. ఎద్దుల జత, మోట, నా పటాలం కంబళి చిన్న కొడుకు రాజమల్లయ్యకు. వీడు నేనేమన్నా “మంచిది బాపు” అంటాడు. అంతగా తల ఊపేవాణ్ణి పటాలంలో కూడా నేను నమ్మలేదు. కానీ చలికి వణుకుతాడు, చిన్నప్పటి నుంచీ అంతే. కంబళి వాడికే ఉండాలి.

5. భూమికి హద్దులు. తూర్పు: వాగు. పడమర: బండ్లబాట. దక్షిణం: ఊరి పశువుల బీడు. ఉత్తరం ఏమని వ్రాయమంటావని పంతులు అడిగితే ఆ చోటు ఖాళీగా విడువమన్నాను. కాగితం మీద అబద్ధం పడితే అది నా తర్వాత కూడా బతుకుతుంది. కాబట్టి ఇది వివరంగా వ్రాయించవలసి వచ్చింది.

నేను కాలు బాగుచేయించుకోవడానికి ఒక వానాకాలమంతా సికింద్రాబాదు దవాఖానలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి పెద్ద కొడుకు మల్లేశం బాయి తవ్వించాడు. నిండా నీళ్ళు. హద్దురాయి బాయికి అవతల ఉంది. “మన జాగలనే తవ్విన బాపు” అన్నాడు. ఎన్నడూ దున్ని ఎరుగని రాళ్ళ దిబ్బ అది, రాయి ఎక్కడుంటే హద్దు అక్కడే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇశ్రాయేలు నన్ను పక్కకు పిలిచి, “రాయి జరిగింది నర్సన్నా. బాయి పడ్డ జాగ నాది. మనం పోసింది తవ్వి చూద్దాం పా” అన్నాడు. నీళ్ళు చూసి నీ కళ్ళు కుట్టాయన్నాను. మనం పోసినదాన్ని కూడా రాత్రికి రాత్రే జరిపి ఉంటావన్నాను. అతను మళ్ళీ మా గట్టు తొక్కలేదు. బాయి పక్కనే అతని చేను ఎండింది. రెండేళ్ళ కింద పోయాడు. మట్టి వేయడానికి నేను పోలేదు.

మొన్న, వీలునామాకు ముందు హద్దు తేల్చుకుందామని నేనొక్కణ్ణే గడ్డపార పట్టుకొని పోయాను. రాయిని జరిపింది ఇశ్రాయేలే అయితే బొగ్గులు రాయికి అవతల, అతని వైపు ఉండాలి. ముందు అక్కడే తవ్వాను. లేవు. రాయి కింద తవ్వాను. ఎర్రమట్టి. పట్టుదల కొద్దీ బాయికి ఇవతల, మా వైపు తవ్వాను. గడ్డపార నల్లగా వచ్చింది. పోసిన నాడు ఎట్లున్నవో అట్లనే ఉన్నవి బొగ్గులు. బాయి ఇశ్రాయేలుది.

గుంతలు పూడ్చి, బాలవ్వ దగ్గరికి పోయి, రాయి కింద ఏం పోశామో నీకు తెలుసా అని అడిగాను. “నాకు ఎర్కలేదన్నా. చేను ఎండినప్పుడు సుత ఎన్నో సార్లు అడిగిన. ఒట్టు పెట్టుకున్నమని చెప్పలే” అన్నది.

వాగులో చేతులు కడుక్కొని ఇల్లు చేరాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మల్లేశం గడపలో ఎదురొచ్చి, “హద్దు కాడ తవ్వినవంట గద బాపు. బొగ్గులు దొరకలే గద?” అన్నాడు.

దొరకలేదన్నాను. వాడు హాయిగా అన్నానికి కూర్చున్నాడు.

బొగ్గుల మాట నాకు తెలుసు, పోయిన ఇశ్రాయేలుకు తెలుసు. మూడోవాడికి తెలిసిందంటే రాయిని పెకలించిన నాడు కళ్ళతో చూసి ఉండాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు పట్టలేదు, వాడి నోరే పట్టించింది. నేను ఊరి పట్వారీని అనుమానించాను, దవాఖాన వైద్యుణ్ణి అనుమానించాను, పాలు పిల్లికి పోసి చూశాను. ఒక్క మల్లేశాన్ని అనుమానించలేదు. నేను బస్రాలో ఉండగా పుట్టాడు వాడు. వాడి ముఖం చూడాలనే బతికి వచ్చాను.

6. బాయినీ, బొగ్గులకూ రాయికీ నడుమ ఉన్న నేలనూ బాలవ్వకు వదులుతున్నాను. ఇస్తున్నానని వ్రాయబోతే పంతులుతో కొట్టివేయించాను. నాది కానిది ఇవ్వడానికి నేనెవరిని?

7. ఆ రాయి మల్లేశానికి. నా దినం అయిన మరునాడు, ఊరి పెద్దల ముందు, బాలవ్వ చూస్తుండగా, వాడు దాన్ని పెకలించి తన భుజం మీదనే మోసుకొచ్చి బొగ్గుల మీద పాతాలి. బండి కట్టకూడదు, తమ్ముడు చేయి వేయకూడదు. పాతితే మిగిలిన భూమిలో సగం వాడిది. పాతకపోతే అంతా రాజమల్లయ్యది. వాడు నా కొడుకే. మోస్తాడనే నా ఆశ.

8. నా పెట్టెలో ఒక రేకు మగ్గు ఉంది. అది ఇశ్రాయేలుది. బస్రా అవతల నీళ్ళు అయిపోయిన నాడు, నేను నడవలేక పడి ఉంటే, తన వంతు నీళ్ళు అందులో పోసి నా నోటికి అందించాడు. మగ్గు నా దగ్గరే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ అతని మగ్గుతో, అతని బాయి నీళ్ళు తాగుతూ, అతన్నే దొంగ అన్నాను. మగ్గు బాలవ్వకు చేర్చాలి.

9. ఈ వీలునామాకు రెండు ప్రతులు. ఒకటి పంతులు దగ్గర ఉంటుంది. పంతులు మరిచిపోవచ్చు, లేదా ఎవరైనా మరిపించవచ్చు. రెండోది లక్క ముద్ర వేసి బాలవ్వ చేతిలో నేనే పెడతాను. ఇందులో ఏముందో చెప్పను. ఆమె కొంగున కట్టుకొని పోతే చాలు.

అయిదో అంశంలో విడిచిన ఖాళీ ఇప్పుడు నింపమన్నాను. ఉత్తరం: ఇశ్రాయేలు భూమి, ఇశ్రాయేలు బాయి.

పార్థివ నామ సంవత్సరం ఫాల్గుణ బహుళం, గురువారం. ఫసలీ 1355, అనగా 1946 మార్చి 21. సిద్దిపేటలో వ్రాయించి, మొత్తం విని, నా చేతితో చేసిన సంతకం:

బత్తుల నర్సయ్య

సాక్షులు: వడ్రంగి నాగయ్య (సంతకం)
దుబ్బయ్య, చిన్నకోడూరు (వేలిముద్ర, బతికి ఉండగా, నా కళ్ళ ముందు వేసినది)

వ్రాసినవారు: రాంచందర్ పంతులు