చెత్తబుట్టలోంచి తీసిన కార్ట్రిడ్జ్

అమ్మడూ,

ఇంకా ఇంకు ఉన్న ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ని నన్నడక్కుండా చెత్తబుట్టలో పడేశావు. అది నీ తప్పే. తీసి తుడిచి బిస్కెట్ల డబ్బాలో పెట్టాను.

ఉద్యోగం దరఖాస్తు సాయంత్రంలోగా ఇవ్వాలన్నావుగా. కొత్తదాని సీలు అప్పుడే విప్పకు. దాని ఖరీదుకి ఇంకో ప్రింటరే వస్తుందని అమ్మినవాడే నవ్వాడు. పాతదాన్ని మీ అమ్మ చేసినట్టు, వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ మీద ఇంకు వచ్చే వైపు కాసేపు ఆనించి బిగించు. రెండు పేజీలకి ఢోకా లేదు. ఇంకు అయిపోయిందని ప్రింటర్ ఎర్రలైటు వేసినప్పుడల్లా మీ అమ్మ, "ఇదీ మీలాంటిదే, ఉంచుకుని లేదంటుంది" అని నన్ను దెప్పేది. ఆ తర్వాత దాని మెడలు వంచి నెల్లాళ్ళు పని చేయించేది.

అప్పటికీ రాకపోతే కొత్తదే వాడుకో. దరఖాస్తు ఆగకూడదు. పాతది మాత్రం మళ్ళీ డబ్బాలోనే పెట్టు. నాకు డ్యూటీకి వేళయింది.

నాన్న

తా.క. ఆ పాత కార్ట్రిడ్జ్‌కి ఓ పక్క నల్లటి వేలిముద్ర ఉంది. మీ అమ్మ పోయేముందు ఆఖరిసారి బిగించినప్పుడు పడింది. చెత్త తుడిచేటప్పుడు నేను ఆ ముద్ర జోలికి పోలేదు. నువ్వూ పోకు. నన్నేమీ అడక్కు. ఈ సంగతి నేనిక ఎత్తను.