కోర్టు పక్కన నీ కుర్చీ

అన్నా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. నీ తర్వాత మన కాలేజీ కబడ్డీ జట్టుకు కోచ్ అయిన నీ శిష్యుడు మురళి ఒక్క మ్యాచ్ కూడా గెలిపించలేదు. వాణ్ణి తీసెయ్యాలా వద్దా అని పొద్దున కమిటీలో కూర్చున్నాం.

"అన్న ఆడించిన పాత ఆటే ఎందుకు ఆడిస్తుండావురా?" అని అడిగాను.

"అన్న కుర్చీ ఆడనే ఉండాది కదా సార్. ఆయన చూస్తుంటే ఎట్ల మార్చేది?" అన్నాడు.

తొండియార్‌పేట మైదానంలో నీ ప్లాస్టిక్ కుర్చీని రోజూ తుడిచి వేసేది వాడే. తను మాత్రం నిలబడే ఉంటాడు.

వాణ్ణి ఉంచుకున్నాం. కుర్చీని నేనే తీసి స్టోరు గదిలో పెట్టి తాళం వేశాను.

సాయంత్రం ప్రాక్టీసుకు వెళ్లాను. పిల్లలు ఇంకా నీ కుర్చీ ఉన్న చోటు తొక్కకుండా చుట్టూ తిరిగి నడుస్తున్నారు. నేనూ చుట్టూ తిరిగే వెళ్లాను.