రెండు వాలు కడ్డీలు

తోటపల్లి గూడూరు

నరేంద్రబాబు అన్నయ్య గారికి,

మీరు నెల్లూరులో పెట్టే ప్రదర్శనకు తను చేసిన బొమ్మ రైలు వంతెన తీసుకురానని మా ఆయన మీకు ఫోన్ చేశారు. అది నా వల్లే.

ఆయుధ పూజ నాడు రొయ్యల గుంట మోటారు, బండి కడిగాను. వంతెనకూ తుప్పు పట్టిందనుకుని కడిగి, పసుపు కుంకుమ పెట్టాను. నిజం వంతెనలా ఉండాలని ఆ తుప్పు రంగు ఆయనే వేశారట. కడిగేటప్పుడు రెండు వాలు కడ్డీలు ఊడాయి. ఎటు వాలాలో తెలియక, భయంతో తోచినట్టు అంటించేశాను.

ఆయన చూసి, "పూజ కోసమే కదమ్మే, రంగు మళ్ళీ వేసుకుంటాలే" అన్నారు. తర్వాత కడ్డీలు చూశారు. "నడిమికి వాలాల్సినవి నేనే బయటికి పెట్టినానే! నిజం వంతెనైతే రైలు ఏట్లో ఉండేది. నాకెందుకీ పని?" అని దాన్ని అటక మీద పెట్టేశారు. కడ్డీలు ఊడిన సంగతి దాచి, సిగ్గుతో నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మీరొకసారి ఇంటికి రండి అన్నయ్యా. ఆ రెండూ నేను అంటించినవని ఆయనకు చెప్పండి. ఆయన నా వైపు చూసినప్పుడు మీరు పక్కన ఉంటే, అవునని అనగలను.

మీ చెల్లెలు