పదింటికీ కుంకని పొద్దు

డాక్టరు గారికి,

ఎనభై రెండేళ్లొచ్చాయని నా లైసెన్సు మీద "పొద్దుగుంకేదాకా మాత్రమే కారు నడపాలి" అని రాయించారు. మన సోరియా ఊరి నుంచి దేశానికి పడమటి కొసనున్న గలీసియా సముద్రం దాకా ఒక్క పగట్లో వెళ్లడం నా వల్ల కాదని నవ్వారు కూడా. ఈ ఉత్తరం ఆ సముద్రం ఒడ్డున, మా అక్క కసిల్డా వంటింట్లో కూర్చుని రాస్తున్నాను.

నిన్న ఊరు ఇంకా రెండు మలుపులుందనగా పోలీసు ఆపాడు. లైసెన్సు చూసి, "మామ్మగారూ, రాత్రి పదైంది. చీకట్లో నడపకూడదు కదా మీరు?" అన్నాడు.

"చీకటి ఎక్కడుందో చూపించు నాయనా, ఇక్కడే దిగిపోతాను," అన్నాను.

పడమటికి తిరిగాడు. ఎండ కళ్లలో కొట్టేసరికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వెళ్లమన్నాడు.

మన దేశం గడియారాలకి ఎక్కడో తూర్పునున్న జర్మనీ టైము అంటగట్టారని మా ఆయన బతికున్నన్నాళ్లూ తిట్టాడు. ఆ టైము వల్లే వేసవిలో ఇక్కడ పడమట పొద్దు ఇంత ఆలస్యంగా దిగుతుంది. తూర్పునున్న సోరియాలో అప్పటికే దీపాలు వెలిగించి ఉంటారు. మేం మాత్రం అక్క తొంభయ్యో పుట్టినరోజు భోజనానికి దీపం వెయ్యకుండానే కూర్చున్నాం.

తిరుగు ప్రయాణం తూర్పుకి కాబట్టి రెండు రోజులు చేస్తాను. లైసెన్సు మీద గంట వెయ్యకుండా పొద్దని రాయించినందుకు మీకు రుణపడి ఉంటాను.

ఇట్లు,
పగలు మాత్రమే నడిపే మీ పేషంటు